గాంధీగారి కౌమారదశ

గాంధీ మహాత్ముని పేరు వినని చదువరులుండరు. ఆయన 1869వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీని పోరుబందరునందు జన్మించుటయు, 1888లో లండను నగరమునకేగి న్యాయశాస్త్రము నభ్యసించుటయు, 1893 మొదలు దక్షిణాఫ్రికాలో భారతీయులకై పాటుపడుటయు, 1948 జనవరి 30వ తేదీని ఢిల్లీలో హత్య గావింపబడుటయు మన పాఠ్యపుస్తకములలోనే యున్నవి. వానిని తిరిగి వ్రాయుట మా యుద్దేశము కాదు. ఆయన 12, 13 ఏండ్ల బాలుడై రాజకోటలో నున్నప్పటి యొక సంగతిని, అటుపిమ్మట నా యింట జరిగినదానిని, విద్యార్థులును తలిదండ్రులును గూడ చదువవలెనని యిచ్చట వ్రాయుచున్నాము.

మోహనదాసు మిక్కిలి సిగ్గరి. బడి విడువగానే యెవరైన పలుకరింతురేమోయని యింటికి పరుగెత్తువాడు. ఆ వయస్సున నొక బంధువుల బాలునితో గూడి, ఇంటి పెద్దయొకరు పారవైచిన సిగరెట్టు ముక్కలు కాల్చ మొదలిడెను. అవి చాలక సేవకుని చిల్లరడబ్బులు దొంగిలించి బీడీలు కొనిరి. పెద్దల యనుమతి లేనిదే యేమియు జేయరాదను నిర్బంధము వారికి దుస్సహమయ్యెను. తుదకు ప్రాణములు విడుచుటయే మేలని నిశ్చయించుకొని, యొక సాయంకాలమున కేదార్‌జీ మందిరమునకు బోయి, దీపమున నేయి పోసి, దైవదర్శనము చేసికొని, యొక యేకాంతస్థలమునకు జేరిరి. అచ్చట ధైర్యము జాఱెను. తలపెట్టిన పని విడిచి రామమందిరమునకు బోయి మనస్సు కుదుటపఱచుకొనిరి. పిమ్మట బీడీలును మానిరి, సేవకుని డబ్బులు దొంగిలించుటయు మానిరి.

ఇంత స్వల్పకారణమునకా యని పెద్దలు నవ్వవచ్చును. పెద్దలకు స్వల్పమైనది ఆ వయస్సువారికి కొండయంత యగును. ఎవరైన చచ్చెదనని బెదరించినచో నాటినుండి తన మనస్సు పెద్దగా చలింపలేదని గాంధీగారు తమ యాత్మకథలో వ్రాసిరి. ఈ విషయమున మేము వారితో నేకీభవింపజాలము. అట్టి మాటను తేలికగా దీసికొనరాదనియు, మెల్లగా అడిగినంతమాత్రమున బిడ్డకు లేని తలంపు కలుగదనియు నేటి వైద్యులు చెప్పుచున్నారు. తన శరీరమును తానే గాయపఱచుకొను బిడ్డ యెల్లప్పుడును చావుగోరి యట్లు చేయదు. నోట చెప్పుకొనలేని బాధను సహించుటకై చేయుట కలదు. భారత ప్రభుత్వమువారు 2022లో నెలకొల్పిన టెలీ మానస్ అను సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి బిడ్డలును, తలిదండ్రులును మాటాడవచ్చును.

మోహనదాసునకు 15 ఏండ్లు వచ్చెను. అన్నగారి అప్పు సుమారు 25 రూపాయలు తీర్చుటకై, ఆ యన్న దండకడియమునుండియే కొంచెము బంగారము దొంగిలించెను. ఆ భారమును మోయలేక, యొక చీటిమీద నంతయు వ్రాసి, తగిన శిక్ష విధింపుమనియు, తన తప్పునకై తమ్మును శిక్షించుకొనవలదనియు తండ్రిని వేడుకొనెను. కరంచంద్ గాంధీగారు అప్పుడు వ్యాధిగ్రస్తులై వట్టి చెక్కబల్లపై పరుండియుండిరి. కుమారుడు వణకుచు చీటినిచ్చి యెదుట గూర్చుండెను. ఆయన లేచి కూర్చుండి చదివిరి. కన్నీరు చెంపలవెంట గాఱి కాగితమును తడిపెను. క్షణకాలము కన్నులు మూసికొని, చీటిని చింపివైచి, మరల పరుండిరి. కోపించి తల బాదుకొందురని కుమారుడు భయపడియుండెను. ఆయన పల్లెత్తుమాటయైన ననలేదు. బాలుడును ఏడ్చెను. 1885లో నా తండ్రి గతించెను గాని ఆ కన్నీరు కుమారుని జ్ఞాపకమును విడువలేదు.

1910లో జోహాన్నెస్‌బర్గు సమీపమున టాల్‌స్టాయి క్షేత్రము నెలకొల్పి, అచ్చటి పిల్లలకు గాంధీగారే చదువు చెప్పిరి. వారిలో 17 ఏండ్ల యువకుడొకడు అబద్ధములాడుచు, కలహములాడుచు నుండెను. ఒకనాడు ఓర్పు నశించి రూళ్లకఱ్ఱతో వాని చేతిపై కొట్టిరి. కొట్టుచున్నప్పుడే వారి చేయి వణకెను. బలిష్ఠుడైన యా కుఱ్ఱవాడు ఏడ్చి క్షమాపణ వేడెను. దెబ్బకంటె గురువు బాధయే వానిని కదలించినదని గాంధీగారు గ్రహించి, మరల నే బిడ్డను కొట్టలేదు.

పరుల బిడ్డలయెడ నింత యోర్పు చూపినవారు స్వపుత్రుని మనస్సును చూరగొనలేకపోయిరి. 1888లో జన్మించిన జ్యేష్ఠపుత్రుడు హరిలాలు, తానును ఇంగ్లాండునకేగి న్యాయవాది కాదలచెను. తండ్రి యంగీకరింపలేదు. 1911లో నతడు తండ్రిని విడిచి వెడలెను. పిమ్మట త్రాగుడునకు లోనయ్యెను. తప్పు ఎవ్వరిదని తీర్పు చెప్పుట మా తరము కాదు. తండ్రి మరణించిన కొలది మాసములకే, 1948 జూనులో, బొంబాయిలోని యొక ఆసుపత్రిలో హరిలాలు కన్ను మూసెను.