విరమణ తర్వాత పిలుపు అందుకున్న గ్రేస్ హాపర్

1966 చివర అమెరికా నౌకాదళం గ్రేస్ హాపర్ గారిని పదవీ విరమణ చేయించింది. అప్పటికి ఆమెకు 60 ఏళ్లు. ఎనిమిది నెలలైనా తిరగకముందే, 1967 ఆగస్టులో, ఆరు నెలల పని ఉంది రమ్మని కబురు వచ్చింది. ఆ ఆరు నెలలు దాదాపు 19 ఏళ్లు సాగాయి! మన ఆఫీసుల్లో ఒకప్పుడు 58 నిండగానే శాలువా కప్పి, గ్రూపు ఫోటో తీసి సాగనంపేవారు. మళ్లీ పిలుపు వచ్చినవారిని వేళ్లమీద లెక్కించవచ్చు.

ఆమె 1906 డిసెంబరు 9న న్యూయార్కులో జన్మించారు. చిన్ననాడు అలారం ఎలా మోగుతుందో చూడాలని ఇంట్లోని ఏడు గడియారాలను విప్పేశారట. తల్లి కొట్టలేదు, ఇకమీదట ఒక్క గడియారమే విప్పమంది. 1934లో యేల్ విశ్వవిద్యాలయం గణితంలో డాక్టరేటు ఇచ్చింది. వాసర్ కళాశాలలో లెక్కల పాఠాలు చెబుతుండగా యుద్ధం వచ్చింది. వయసు మీరిందని, బరువు చాలదని అన్నా పట్టువదలక 1943లో నౌకాదళ రిజర్వులో చేరారు. మరుసటి ఏడు హార్వర్డులో 51 అడుగుల పొడవున్న మార్క్-1 గణన యంత్రం ముందు కూర్చోబెట్టారు.

అక్కడ ఆమె కనిపెట్టిన విషయం ఒకటుంది. ఒకరు రాసిన లెక్కల క్రమాన్ని ఇంకొకరు చేత్తో ఎత్తి రాసుకునేటప్పుడే తప్పులు దొర్లుతున్నాయి. రికార్డులు ఎత్తిరాసిన మనవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. ఎత్తిరాసే పని యంత్రానికే అప్పగిస్తే పోలేదా? యూనివాక్ తయారుచేసే సంస్థలో ఉండగా 1952లో అలాంటి కంపైలరు సిద్ధం చేశారు. కంప్యూటరు కూడికలు తప్ప ఇలాంటివి చేయదని నమ్మినవారు చాలాకాలం దానిని ముట్టుకోనే లేదు. తర్వాత మామూలు ఇంగ్లీషు మాటలతో ఆజ్ఞలిచ్చే ఫ్లో-మాటిక్ వచ్చింది. దాని పునాదిమీద 1959లో ఒక సంఘం కోబాల్ భాషకు రూపమిచ్చింది. పేబిల్లులు, బ్యాంకు ఖాతాలు నడిపిన భాష అది. నౌకాదళం ఆమెను మళ్లీ పిలిచింది కూడా కోబాల్‌ను అన్నిచోట్లా ఒకే తీరుకు తేవడానికే.

యంత్రంలో చిక్కిన పురుగును ఆమే పట్టారని చెబుతుంటారు. అది సరికాదు. 1947లో పట్టినవారు తోటివారు; కథను ప్రచారం చేసింది ఆమె.

ఉపన్యాసాలలో సుమారు 30 సెంటీమీటర్ల తీగముక్కలు పంచేవారు. సెకనులో వందకోట్లవ వంతులో విద్యుత్తు అంతకు మించి పోలేదని చూపడానికి! ఆఫీసు గోడకు వెనక్కి తిరిగే గడియారం పెట్టుకున్నారు. అదీ సరైన సమయమే చూపేది.

1986 ఆగస్టులో, 79వ ఏట, రియర్ అడ్మిరల్ హోదాలో విరమించారు. అయినా ఇంట కూర్చోలేదు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీకి సలహాదారుగా చేరి, 1992 జనవరి 1న కన్నుమూసేవరకు ఆ కొలువులోనే ఉన్నారు.