బెస్సీ కోల్మన్: ధైర్యమును, సాధనమును

ఆకాశయానమునకు ధైర్యమే ప్రధానమని లోకుల తలంపు. ధైర్యము కావలసినదే. కాని మనుష్యుని మోయునది యంత్రము. ఒక మర వదులైనను, ఒక తీగ తెగినను ధీరునకును పిరికివానికిని గతి యొక్కటియే. ఈ సత్యమును విద్యార్థిదశలోనే గ్రహించియు, తుదకు ఒక చిన్న పనిముట్టుకు బలియైన వనిత బెస్సీ కోల్మన్.

ఆమె 1892 జనవరి 26వ తేదీన అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఆట్లాంటా అను ఊరియందు జన్మించెను. తలిదండ్రులు పరుల భూమిని పాలికి దున్ను నల్లజాతివారు. పదుముగ్గురు బిడ్డలలో ఆమె పదవది. ప్రత్తితీత వచ్చినప్పుడెల్ల చదువు ఆగిపోయెడిది. 1915లో షికాగో చేరి, క్షౌరశాలలో గోళ్లు తీర్చు పనితో జీవించుచుండెను. ప్రపంచయుద్ధమునుండి మరలివచ్చిన సోదరుడు ఫ్రాన్సులో స్త్రీలు విమానములు నడపుదురని చెప్పగా విని, తానును నడపవలెనని సంకల్పించెను.

అమెరికాలోని విమానపాఠశాలలు ఆమెను చేర్చుకొనలేదు. నల్లజాతిది యగుట ఒక దోషము, స్త్రీ యగుట రెండవ దోషము! షికాగో డిఫెండరు పత్రికాధిపతి రాబర్టు ఆబట్టు ఫ్రెంచి నేర్చుకొని ఫ్రాన్సుకు పొమ్మని హితవు చెప్పెను. స్వదేశము నిరాకరించిన విద్యకై ఆమె 1920 నవంబరులో సముద్రము దాటెను.

లె క్రొతోయిలో కాద్రోన్ సోదరుల పాఠశాల యందు ఆమెకు దొరకినది న్యూపోర్టు జాతి విమానము. కఱ్ఱ, గుడ్డ, తీగలతో కూర్చిన జంటరెక్కల యంత్రమది. శిష్యురాలు వెనుక కూర్చుండి, చేతికఱ్ఱయు కాలిదండమును కదలు తీరునుబట్టి గురువు చేయునది తెలిసికొనవలెను. నిలుపుటకు బ్రేకులు లేవు. తోకక్రింది కఱ్ఱ నేలను రాచుకొనుచు వేగము తగ్గింపవలెను. అట్టి యంత్రములు గాలిలోనే విఱుగుటయు కలదు. కావున ఎగురుటకు ముందు ప్రతిసారి రెక్కలను, తీగలను, ఇంజనును స్వయముగ పరీక్షించుట అచ్చటి పాఠము. సహాధ్యాయి యొకడు కూలి మరణించుట చూచియు ఆమె వెనుదీయలేదు. పదినెలల విద్యను ఏడుమాసములలో ముగించి, 1921 జూన్ 15వ తేదీన అంతర్జాతీయ వైమానిక సమాఖ్య పట్టము పొందెను. నల్లజాతి స్త్రీలలో దానిని పొందిన మొదటి యామె ఆమెయే.

స్వదేశమునకు మరలిన పిమ్మట విన్యాసప్రదర్శనములే ఆమెకు జీవనాధారమయ్యెను. ధనము చాలక, యుద్ధకాలమున శిక్షణకు వాడి విడిచిన కర్టిసు జెన్నీలతో తృప్తిపడవలసి వచ్చెను. 1923 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా యందు, నేలవిడిచిన కొలదిసేపటికే ఇంజను ఆగెను. ఎత్తుండిన ముక్కు వంచి వేగము నిలుపుకొని, జారుచు పొలమునకో బయలునకో చేరవచ్చును. ఎత్తు లేనిచో ఏ నేర్పును పనికిరాదు. విమానము కూలి, కాలును ప్రక్కటెముకలును విఱిగెను. కోలుకొని మరల ఎగిరెను. స్వరాష్ట్రమున నల్లవారికి వేఱు ద్వారము పెట్టినచో ప్రదర్శింపనని పట్టుబట్టి, అందఱికి ఒకే ద్వారము సాధించెను. తనవారికొక విమానపాఠశాల స్థాపించుటయే ఆమె జీవితాశయము.

1926 ఏప్రిల్ 30వ తేదీన ఫ్లారిడాలోని జాక్సన్‌విల్లులో, మఱునాటి ప్రదర్శనమునకై చోటు చూచుటకు ఆమె ఎగిరెను. నడపువాడు ఆమె మెకానిక్కు. విమానము పాతది, టెక్సాసునుండి వచ్చు దారిలోనే ఇంజను చెడి పలుమార్లు దిగవలసి వచ్చినది. నేలవైపు వంగి చూచుటకై ఆమె నడుమునకు పట్టీ బిగించుకొనలేదు. హఠాత్తుగ విమానము తల్లక్రిందులు కాగా ఆమె జారిపడి మరణించెను; మెకానిక్కును కూలి మరణించెను. శిథిలములలో చూడగా, మఱచి విడిచిన పానా యొకటి నడపు యంత్రభాగములలో చిక్కుకొని యుండెను. అప్పటికి ఆమె వయస్సు 34 ఏండ్లు.

విమానములకు యోగ్యతాపరీక్షయు, నడపువారికి లైసెన్సును విధించు సంయుక్తరాష్ట్రముల శాసనము ఆ మే 20వ తేదీననే, అనగా ఇరువది దినములకు, వెలువడెను. 1929లో విలియం పావెలు లాసేంజిలీసులో ఆమె పేర విమానసంఘమును నెలకొల్పి, ఆమె తలపెట్టిన కార్యమును సాగించెను.

పానాను మఱచినది ఒక చేయి కావచ్చును. కాని ఆ వీరవనితను పాత యంత్రములపాలు చేసినది, ఆమెకు తలుపులు మూసిన వర్ణభేదమును దారిద్ర్యమును కావా? యువజనులకు సాహసము బోధించువారు మంచి సాధనమును సమకూర్చుట మఱవరాదు. సాధనము చేతబట్టినవారును, ఎన్ని మారులు ఎగిరినను, మొదటినాటి పరీక్షను మానరాదు.