క్షమించింది, సాక్ష్యం మాత్రం మానలేదు

పల్లెలో దాడి జరిగితే బాధితుల గడపకు రాజీ మాట మోసుకొచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. బాధితులు క్రైస్తవులైతే ఆ రాజీకే క్షమ అని పేరు పెడతారు. ఈ రెండూ ఒకటి కావని తెలియాలంటే మనం ఫ్యానీ లూ హేమర్ జీవితం చదవాలి.

1917 అక్టోబర్ 6న అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, పాలికి పత్తి పండించే నల్లజాతి కుటుంబంలో ఇరవయ్యో సంతానంగా ఆమె పుట్టింది. ఆరేళ్లకే పత్తి తీయడానికి చేలోకి దిగింది. తల్లిదండ్రులు చెమటోడ్చి నాలుగు పశువులు కొనుక్కుంటే, ఓర్వలేని తెల్లవాడొకడు వాటికి విషం పెట్టాడు. 1961లో కణితి తీయించుకోవడానికి ఆసుపత్రికి వెళ్తే, డాక్టరు ఆమెకు చెప్పకుండానే గర్భసంచి తీసేశాడు.

1962 ఆగస్టు 31న ఓటరుగా పేరు నమోదు చేయించుకోవడానికి తోటివాళ్లతో కలిసి ఇండియనోలా పట్టణానికి వెళ్లింది. పద్దెనిమిదేళ్లు చాకిరీ చేసిన చేను నుంచి భూస్వామి ఆ రాత్రే ఆమెను వెళ్లగొట్టాడు. కొద్దిరోజులకే ఆమె తలదాచుకుంటున్న ఇంటి మీదికి 16 తూటాలు దూసుకొచ్చాయి.

1963 జూన్ 9న, ఓటుహక్కు శిక్షణకు వెళ్లి తిరిగొస్తుండగా వినోనా పట్టణంలో పోలీసులు ఆమెను అరెస్టు చేశారు. ఇద్దరు నల్లజాతి ఖైదీల చేతికే లాఠీ ఇచ్చి కొట్టించారు. అణచివేత మనవాళ్ల చేతనే మనల్ని కొట్టిస్తుందన్న సంగతి మనకు కొత్తేమీ కాదు. ఆ దెబ్బలకు పాడైన మూత్రపిండం జీవితాంతం ఆమెను బాధించింది.

అదే జైల్లో ఆమె తోటి ఖైదీలతో కలిసి పౌలు, సీలల చెర గురించిన పాట పాడింది. మంచినీళ్లు తెచ్చిచ్చిన జైలరు భార్యను ద్వేషించలేదు. మనుషులందరిదీ ఒకే రక్తమని చెప్పే అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం 26వ వచనం చదువుకోమంది. ద్వేషం పెంచుకున్నవాళ్లకు దేవుని ముఖం కనిపించదని ఆమె నమ్మకం. ఆ పగ తనను కూడా తినేస్తుందని ఆమెకు తెలుసు.

అలాగని ఆమె నోరు మూసుకోలేదు. కొట్టించిన పోలీసుల మీద కోర్టులో సాక్ష్యం చెప్పింది. అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ ఆ డిసెంబరులో వాళ్లను నిర్దోషులుగా వదిలేసింది. 1964 ఆగస్టులో డెమోక్రటిక్ పార్టీ జాతీయ సభల్లో అదే కథను దేశమంతా వినేలా చెప్పింది. నోరు నొక్కడానికి పార్టీ పెద్దలు రెండు సీట్లు చూపిస్తే, ఆమె, ఆమె సహచరులు వాటిని తిప్పికొట్టారు.

1969లో సన్‌ఫ్లవర్ కౌంటీలో ఫ్రీడమ్ ఫార్మ్ అనే సహకార వ్యవసాయ క్షేత్రం పెట్టింది. పేద కుటుంబాలకు ఆడపందులను పెంచుకోవడానికిచ్చి, ఈనాక కొన్ని పిల్లలను తిరిగి తీసుకుని వేరే కుటుంబాలకిచ్చే ఏర్పాటు చేసింది. ఆ క్షేత్రం ఆకలిగొన్న తెల్లజాతి పేదలకూ అన్నం పెట్టింది. ఆమె క్షమకు అర్థం మాకు అక్కడ కనిపిస్తుంది. తనను తరిమిన జాతి పిల్లల కడుపు కూడా నిండాలని ఆమె కోరుకుంది. తన ఓటు, తన భూమి, తన న్యాయం మాత్రం ఎవరికీ వదులుకోలేదు.

1977 మార్చి 14న క్యాన్సర్‌తో ఆమె కన్నుమూసింది. క్షమించాలా వద్దా అన్నది బాధితుల మనసుకు సంబంధించిన విషయం. కేసు నడవడం సమాజానికి సంబంధించిన విషయం. రాజీ కాగితం పట్టుకుని వచ్చేవాళ్లకు ఈ తేడాను మనమే చెప్పాలి.