ఎక్స్ కిరణాల ద్రష్ట - రాంట్‌జన్

హైదరాబాదు పాత నగరం అంచున, మూసీ తీరంలో వెలసిన ఉస్మానియా ఆసుపత్రికి తెలంగాణ పల్లెల నుండి తరతరాలుగా రోగులు తరలివచ్చారు. కీళ్ళనొప్పితో అడుగు వేయలేనివారు, మోకాలి దగ్గర అకారణంగా గడ్డ పెరిగినవారు వారిలో ఎందరో. నాడి చూచి, నొప్పి ఉన్నచోట తడిమి వైద్యుడు ఊహించగలిగినది కొంతే. కీలు అరిగిందా, ఎముక విరిగిందా, ఎముకలోనే కణితి పుట్టిందా అన్నది కత్తి పెట్టకుండా తెలియాలంటే లోపలికి చూడగలగాలి. ఆ చూపును వైద్యలోకానికి ప్రసాదించినవాడు వైద్యుడు కాడు. ఆయన జర్మనీ దేశపు భౌతికశాస్త్రవేత్త విల్‌హెల్మ్ కన్రాడ్ రాంట్‌జన్.

రాంట్‌జన్ 1845 మార్చి 27న లెన్నెప్ అనే చిన్న పట్టణంలో ఒక బట్టల వ్యాపారి ఇంట జన్మించాడు. మూడవ యేట తల్లిదండ్రులతో హాలండుకు చేరాడు. ఉట్రెక్ట్‌లో చదువుతుండగా తోటి విద్యార్థి ఒకడు ఉపాధ్యాయుని వికటచిత్రం గీశాడు. గీసినవాని పేరు చెప్పమని పెద్దలు నిలదీసినా రాంట్‌జన్ నోరు విప్పలేదు. చేయని తప్పుకు బడి నుండి బహిష్కృతుడయ్యాడు. యోగ్యతాపత్రం లేని ఆ యువకునికి జ్యూరిక్‌లోని పాలిటెక్నిక్ ఆశ్రయమిచ్చింది. 1869లో ఆ నగరంలోనే డాక్టరేట్ పట్టా పొందాడు. తరువాత పలుచోట్ల అధ్యాపకుడుగా పనిచేసి, 1888లో వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు.

1895 నవంబరు 8వ తేదీ సాయంకాలం. చీకటి గదిలో ఆయన గాజునాళంలో విద్యుత్తు ప్రసరింపజేస్తున్నాడు. నాళం చుట్టూ నల్లని అట్ట కప్పి ఉన్నది; వెలుగు బయటికి రాదు. అయినా కొంత దూరంలో ఉన్న, బేరియం ప్లాటినోసయనైడ్ పూసిన తెర మినుకుమన్నది. కంటికి కానరాని కిరణమేదో అట్టను దాటి వెళ్ళుతున్నదని ఆయన గ్రహించాడు. వెంటనే చాటుకొనలేదు. వారాల తరబడి ప్రయోగశాలలోనే తిని, అక్కడే నిద్రించి, కాగితం, కట్ట, లోహం ఒక్కొక్కటిగా అడ్డుపెట్టి పరీక్షించాడు. సీసం ఆ కిరణాలను అడ్డుకొన్నది. మాంసం దారి ఇచ్చింది. ఎముక నీడ పరచింది. డిసెంబరు 22న భార్య అన్నా బెర్తా చేతిని ఛాయాఫలకంపై ఉంచి చిత్రం తీశాడు. వేళ్ళ ఎముకలు, వాటిపై ఉంగరం కనిపించాయి. తన మరణాన్నే చూచినట్లు ఆమె జంకిందని చెబుతారు. స్వభావం తెలియదు కనుక ఆ కిరణాలకు గణితంలోని అజ్ఞాత రాశి పేరే పెట్టాడు.

మరుసటి నెలలోనే ఈ వార్త లోకమంతా వ్యాపించింది. విరిగిన ఎముకలను, దేహంలో చిక్కిన గుండ్లను వైద్యులు వెదకసాగారు. పేటెంటు తీసుకొని ఉంటే రాంట్‌జన్ కుబేరుడయ్యేవాడు. ఆయన తీసుకోలేదు. అది మానవజాతి సొత్తని భావించాడు. 1901లో భౌతికశాస్త్రంలో తొలి నోబెల్ బహుమతి ఆయననే వరించగా, ఆ ధనాన్ని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయానికే ఇచ్చివేశాడు. కులీన బిరుదును సైతం వలదన్నాడు. నిజానికి ఇది వినయం మాత్రమే కాదు, ఉట్రెక్ట్ బడిలో పెదవి విప్పనివ్వని మొండితనం కూడా.

చివరి రోజులు సుఖంగా గడవలేదు. చిరకాలం వ్యాధిగ్రస్తురాలైన భార్యకు తానే సేవ చేశాడు. ఆమె 1919లో మరణించింది. మొదటి ప్రపంచయుద్ధానంతరం జర్మనీలో ధరలు మిన్నంటి, దాచుకొన్న సొమ్ము నీరయింది. 1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్ నగరంలో ఆయన కన్నుమూశాడు. ఆయనను బలిగొన్నది పేగులో పుట్టిన కణితి.

ఆ కిరణాల నుండే 1971లో సి.టి. స్కాన్ పుట్టింది. ఛాయాచిత్రం తీయడం ఒక ఎత్తు, దానిని చదవడం మరొక ఎత్తు. 1950లలో ఉస్మానియా వైద్య కళాశాలలో రేడియాలజీ బోధించిన డాక్టర్ కాకర్ల సుబ్బారావు (1925-2021) ఎముకల చిత్రాలను చదవడంలో దేశవిదేశాలలో పేరు గడించాడు. ఆ దశకంలోనే నల్లగొండ జిల్లా పల్లెవాసుల బాధ వైద్యలోకం దృష్టికి వచ్చింది. మెడ తిరగదు, నడుము వంగదు, కీళ్ళు బిగుసుకొనిపోతాయి. వాతమని పొరబడదగిన ఈ వ్యాధిని గూర్చి 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వెలువడింది. ఇట్టి రోగుల ఎక్స్‌రేలలో వెన్నెముక అసహజంగా చిక్కబడి, తెల్లగా కనిపిస్తుంది. కారణం వారు రోజూ త్రాగే బావినీటిలోని ఫ్లోరైడు.