సొంతూరు మళ్లీ చూడని జనరల్ బై చోంగ్‌షీ

తైవాన్ రాజధాని తైపేలో, లియుజాంగ్లీ కొండ మీద ముస్లింల ఖబ్రస్తాన్ ఒకటి ఉంది. చైనా మాజీ రక్షణ మంత్రి ఒకాయన అక్కడే ఖననమై ఉన్నారు. ఆయన పేరు బై చోంగ్‌షీ. చైనా, తైవాన్ గొడవ అనగానే మనకు యుద్ధనౌకలు, ఫైటర్ విమానాలే గుర్తొస్తాయి. ఆ గొడవ ఒక మనిషిని, ఒక కుటుంబాన్ని ఏం చేసిందో ఈయన జీవితం చూస్తే అర్థమవుతుంది.

బై 1893లో దక్షిణ చైనాలోని గ్విలిన్ ప్రాంతంలో, హుయి ముస్లిం కుటుంబంలో పుట్టారు. బావోడింగ్ మిలిటరీ అకాడమీలో చదివారు. యుద్ధ ఎత్తుగడల్లో దిట్ట కావడంతో జనం ఆయన్ను చిన్న జూగే అనేవారు. జూగే అంటే మన చాణక్యుడిలా చైనాలో తెలివికి మారుపేరు. 1938లో జపాన్ సేనను టైయర్‌జువాంగ్ దగ్గర ఓడించడంలో ఆయన పాత్ర పెద్దది. అయితే 1927లో షాంఘైలో కమ్యూనిస్టుల ఊచకోతలో ఆయన సైన్యం చేయి కూడా ఉంది. ఆ మచ్చ చెరిగేది కాదు.

1946లో రక్షణ మంత్రి అయ్యారు. మరుసటి ఏడాది తైవాన్‌లో జనం తిరగబడితే ప్రభుత్వ సైన్యం వేలమందిని చంపింది. మార్చిలో అక్కడికి వెళ్లిన బై, విచారణ లేకుండా చంపడం ఆపాలని ఆదేశించారు. తైవాన్‌లో చాలామంది ఆ సంగతి ఇప్పటికీ తలుచుకుంటారు.

1949లో కమ్యూనిస్టులు గెలిచారు. ఆయన చిరకాల మిత్రుడు లీ జోంగ్‌రెన్ అమెరికా వెళ్లిపోయారు. బై మాత్రం డిసెంబర్ చివర్లో తైవాన్ చేరారు. చియాంగ్ కై షేక్‌తో ఆయనకు పాత పేచీలున్నాయి. అందుకే అక్కడ హోదా మిగిలింది గానీ అధికారం దక్కలేదు. పైగా సొంత ప్రభుత్వమే ఆయన వెంట నిఘా పెట్టింది. 1958 ఆగస్టు 23న చైనా కిన్మెన్ దీవి మీద ఫిరంగుల వర్షం కురిపించినప్పుడు కూడా, ఒకనాటి ఈ సేనాని చేతిలో సైన్యం లేదు. 1960లో ప్రారంభమైన తైపే పెద్ద మస్జిద్‌కు మాత్రం ఆయన అండగా నిలిచారు.

1962లో భార్య ఇంతకాలమయ్యారు. రచయితగా పేరు తెచ్చుకున్న కొడుకు బై షియన్‌యోంగ్ 40 రోజులు తల్లి ఖబర్ దగ్గరికి వెళ్లి, 41వ రోజు చదువు కోసం అమెరికా బయల్దేరారు. ముసలి తండ్రి విమానం మెట్ల దాకా వచ్చి కన్నీళ్లు పెట్టుకున్నారు. తండ్రీకొడుకులు మళ్లీ కలవలేదు.

1965లో లీ తిరిగి బీజింగ్ చేరారు. మరుసటి ఏడాది డిసెంబర్ 2న బై తైపేలో కన్నుమూశారు. భార్య ఉన్న ఖబ్రస్తాన్‌లోనే ఆయన్నూ ఖననం చేశారు.

ఆ జలసంధి ఇరుకైన చోట సుమారు 130 కిలోమీటర్లే. చైనాలోని బంధువులను చూసొచ్చేందుకు తైవాన్ తన ప్రజలను అనుమతించింది 1987లో. అప్పటికి బై పోయి దాదాపు 21 ఏళ్లు.