పెర్సెప్ట్రాన్ నిర్మాత ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్

మానవుడు చూచినదీ, విన్నదీ మెదడులో ఎక్కడ నిలిచి ఉంటుంది? గ్రంథాలయంలోని పుస్తకం వలె ఒక నిర్ణీతమైన అరలో ఉంటుందా, లేక మెదడంతటా వ్యాపించి ఉంటుందా? ఈ ప్రశ్నకు తీగలతో, మోటార్లతో సమాధానం చెప్పబూనిన అమెరికా శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్.

ఆయన 1928 జూలై 11న న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ రొషెల్ పట్టణంలో జన్మించారు. బ్రాంక్స్ సైన్స్ పాఠశాలలో చదివి, కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1950లో పట్టభద్రులై, 1956లో మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. అనంతరం బఫెలో నగరంలోని కార్నెల్ ఏరోనాటికల్ లేబొరేటరీలో 1957లో పెర్సెప్ట్రాన్ అనే యంత్ర పథకాన్ని రూపొందించారు.

సామాన్య కంప్యూటరులో ప్రతి అంకెకూ ఒక చిరునామా ఉంటుంది. ఆ స్థానం చెడితే అందలి విషయం నశిస్తుంది. మెదడు తీరు వేరు. ఎలుకల మెదళ్లలో భాగాలను తొలగించి పరీక్షించిన కార్ల్ లాష్లీ, నేర్చిన విద్యకు ప్రత్యేక స్థానమేదీ కనబడలేదని 1950లో ప్రకటించారు. మన మైపాడు తీరాన మత్స్యకారుల వలను చూడండి. చేపను పట్టే శక్తి ఏ ఒక్క ముడిలోనూ లేదు. ముడులన్నింటి కూర్పులో ఉంది. రెండు ముడులు తెగినంత మాత్రాన వల నిరుపయోగం కాదు. రోజెన్‌బ్లాట్ జ్ఞాపకాన్ని ఇట్టి కూర్పుగానే భావించారు.

1960లో ప్రదర్శించిన ఆయన యంత్రానికి 400 కాంతిఘటాలు కన్నుగా అమరినవి. వాటి వెనుక 512 కృత్రిమ నాడీకణాలు ఉండేవి. రేడియో శబ్దాన్ని హెచ్చించి తగ్గించే మర వంటి విద్యుత్ నిరోధకాలు వాటి బలాబలాలను నిర్ణయించేవి. యంత్రం అక్షరాన్ని తప్పుగా గుర్తించినప్పుడు చిన్న మోటార్లు ఆ మరలను కొద్దికొద్దిగా త్రిప్పి సరిదిద్దేవి. అక్షరపు జ్ఞాపకం ఏ ఒక్క మరలోనూ ఉండదు. ఒకే మర అనేక అక్షరాల జ్ఞాపకంలో పాలు పంచుకుంటుంది.

పత్రికలు ఈ యంత్రాన్ని మితిమీరి పొగిడాయి. విమర్శ కూడా అంత తీవ్రంగానే వచ్చింది. అదే పాఠశాలలో ఒక ఏడాది ముందు చదివిన మార్విన్ మిన్‌స్కీ, సేమూర్ పాపర్ట్‌తో కలిసి 1969లో ఒక గ్రంథం ప్రకటించారు. ఎదుట ఉన్న చుక్కల సంఖ్య సరియో బేసియో చెప్పడం వంటి పనులు సరళమైన పెర్సెప్ట్రాన్‌కు ఎంత కష్టమో గణితంతో నిరూపించారు. పలు పొరల యంత్రాలను గూర్చి రోజెన్‌బ్లాట్ లోగడనే యోచించారు గాని, లోపలి పొరలకు శిక్షణనిచ్చే సమర్థమైన మార్గం ఆనాడు లభించలేదు. ఈ పరిశోధనపై ఆసక్తి సన్నగిల్లింది. 1971 జూలై 11న, సరిగా తమ 43వ జన్మదినాన, ఆయన చెసాపీక్ అఖాతంలో పడవ ప్రమాదంలో మరణించారు.

తరువాత 1982లో జాన్ హాప్‌ఫీల్డ్ నాడీకణాల అల్లికలో జ్ఞాపకాలు ఎలా నిలుస్తాయో గణితరీత్యా చూపారు. 1986లో రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ పలు పొరలకు శిక్షణనిచ్చే విధానాన్ని ప్రాచుర్యంలోకి తెచ్చారు. హాప్‌ఫీల్డ్, హింటన్‌లకు 2024లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

మిన్‌స్కీ, పాపర్ట్‌లు చూపిన లోపం నిజమైనదే. కాని అది ఆ యంత్రానికి హద్దు మాత్రమే, మూలభావానికి సమాధి కాదు. తమ ప్రయోగం విఫలమైనప్పుడు ఏది హద్దు, ఏది అసత్యం అని విడదీసి చూడటం విద్యార్థి మిత్రులు ఈ జీవితం నుండి గ్రహింతురు గాక.