ఆటు వేళ తీసిన ఫోటోలు

నాకు బాగా నచ్చిన ఫోటోగ్రాఫర్ విలియం సావిల్-కెంట్. 1845లో ఇంగ్లండ్‌లో పుట్టి, ఆస్ట్రేలియాలో మత్స్యశాఖ అధికారిగా పనిచేశారు. ఆయన కెమెరా నీళ్లలోకి దిగేది కాదు. అందుకే సముద్రం బాగా వెనక్కి తగ్గే ఆటు వేళ కోసం ఆగి, బయటపడ్డ రాతి పగడాల్ని ఫోటో తీసేవారు. అవి 1893లో గ్రేట్ బారియర్ రీఫ్ మీద పుస్తకంగా వచ్చాయి.

పగడం చూడ్డానికి రాయిలా ఉన్నా, అది చిన్న చిన్న జీవుల కాలనీ. సున్నపు గూడు కట్టుకుంటూ మెల్లగా పెరుగుతుంది. ఎంత మెల్లగా? అది తెలియాలంటే పాత కొలత ఉండాలి కదా!

థర్స్‌డే ఐలండ్ దగ్గర 1890లో ఆయన కొన్ని పగడాల్ని కొలిచి, ఫోటోలు తీసిపెట్టారు. 1908లో చనిపోయారు. 1913లో ఆల్ఫ్రెడ్ మేయర్ అనే శాస్త్రవేత్త ఆ ఫోటోలు పట్టుకెళ్లి, అదే పగడాన్ని వెతికి మళ్లీ కొలిచారు. ఆ పెరుగుదల చూడ్డానికి సావిల్-కెంట్ లేరు. మా క్లాసులో డేటా అంటే అంకెల టేబులే. నాకైతే ఈ ఫోటోలే అసలు డేటా.